వంతెన మీద ఆకుపచ్చ మఫ్లరు

అద్దకం మిల్లులో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ కిటికీ అక్క. రంగు వేసిన గుడ్డ ఏది వచ్చినా మూడు రకాల దీపాలున్న పెట్టెలో పెట్టి చూస్తుంది. నమూనా ముక్క పక్కన పెట్టి చూస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయని తేలాక కూడా లేచి ఉత్తరపు కిటికీ దగ్గరికి వెళ్ళి, పగటి వెలుతురులో ఇంకోసారి చూసుకుంటే గాని ముద్ర వెయ్యదు. పోనీ అక్కడితో ఆగుతుందా అంటే అదీ లేదు. మిగతా పరీక్షకులు చుట్టిన గుడ్డ తాను రెండు చివర్లూ చూసి పంపేస్తారు. ఈవిడ మాత్రం తాను మొత్తం విప్పించి నడుమ భాగం చూస్తుంది. విప్పేవాళ్ళు తిట్టుకుంటారు, తిరిగి చుట్టేవాళ్ళు ఇంకాస్త గట్టిగా తిట్టుకుంటారు. మోసం ఎప్పుడూ నడుమనే ఉంటుందని, చివర్లు చూపించడానికే ఉంటాయని ఆవిడ సిద్ధాంతం. ముప్పై ఏళ్ళలో ఆ సిద్ధాంతం నిజమైంది ఏ పదిసార్లో. లోకమంతా దొంగలేనని నమ్మడానికి ఆవిడకి ఆ పదీ చాలు.

ఇంట్లోనూ అదే వరస. వాసన చూడనిదే పాలు పొయ్యెక్కవు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూడనిదే ప్రయాణం సాగదు. ఎవరేం చెప్పినా ఆవిడ నోటి నుంచి వచ్చే మొదటి మాట "నీకెవరు చెప్పారు?" వాళ్ళాయన సిటీ బస్సు నడుపుతాడు. "మొదటిసారి చూడ్డానికి వెళ్తే నన్నూ కిటికీ దగ్గరికి రమ్మంది. ముద్ర మాత్రం ఇంకా వెయ్యలేదు" అని పాతికేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పిందే చెప్తున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు గాని, ఈ ఇంట్లో అది పెంపుడు భూతం. వేళకింత తిని ఓ మూల పడుకుంటుంది.

అయితే ఈ గుణం ఆవిడకి పుట్టుకతో రాలేదు. ఏడో ఏట, ఒక బొమ్మల సినిమా వల్ల వచ్చింది.

అప్పట్లో వాళ్ళమ్మ బొమ్మల సినిమాలు తీసే కంపెనీలో రంగులు నింపే పనిలో ఉండేది. ఎవరో గీసిన బొమ్మల్ని ఇంకెవరో పల్చటి పారదర్శక రేకుల మీదికి ఎక్కించి ఇస్తే, రేకు వెనక వైపు నుంచి, గీత దాటకుండా రంగు నింపాలి. తెర మీద ఒక్క క్షణం బొమ్మ కదలాలంటే డజను రేకులు కావాలి. పొడవాటి బల్ల ముందు ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏడాదిన్నర పాటు నింపితే ఆ సినిమా తయారైంది.

ఎప్పుడూ చీకటిగా ఉండే ఊరికి దీపాలు మోసుకెళ్ళే గాడిద కథ అది. గాడిద మెడలో నీలం మఫ్లరు, వెంట ఒక ముసలాయన. నిజం చెప్పాలంటే అందులో తప్పులు తప్ప ఇంకేం లేవు. ముసలాయన చేతికి ఒకసారి ఐదు వేళ్ళు, ఇంకోసారి ఆరు. గాడిద నోరు ముందు కదిలేది, మాట తరవాత తీరిగ్గా వచ్చేది. ఒకే ఆకాశంలో ఇద్దరు చంద్రులు. పాట మంచి ఊపులో ఉండగా తెగిపోయి గాడిద దగ్గేది. ఆ దగ్గు కథలో ఉందో, పాడినాయనకి వచ్చిందో ఎవరికీ తెలీదు. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆ ఏడాది పిల్లలందరికీ ఆ గాడిదే ప్రాణం. దగ్గు వచ్చే చోట హాలంతా కలిసి దగ్గేవాళ్ళు.

అన్ని తప్పులూ ఒక ఎత్తు, వంతెన దగ్గర తప్పు ఒక ఎత్తు. గాడిద వంతెన ఎక్కిందో లేదో మెడలోని నీలం మఫ్లరు ఆకుపచ్చగా మారిపోయేది. అవతలి ఒడ్డుకి దిగేసరికి మళ్ళీ నీలం. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. కిటికీ అక్క కూడా మొదటిసారి అందరితో పాటు నవ్వింది. ఆ వారంలోనే అమ్మని పనిలోంచి తీసేశారు. వంతెన రేకులు నింపింది అమ్మేనట. వడ్రంగం చేసే నాన్న చేతిలో చిత్రిక కింద పెట్టి, "నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలీని మనిషిని ఎవరుంచుకుంటారు?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఇంట్లో కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుట్టింది. నాన్న పోయేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు. కోపంతో అన్నది కొన్నాళ్ళకి అలవాటుగా అన్నాడు, చివరికి హాస్యంగా అన్నాడు.

బడిలో ఆ సినిమా మాట వస్తే ఈ పిల్లకి ఒళ్ళు చల్లబడేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకపోయినా అందరికన్నా ముందు తనే నవ్వేది, అందరికన్నా గట్టిగా నవ్వేది. ఆ రంగు వేసింది మా అమ్మ అని ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న మొగుడికి కూడా పెళ్ళైన తొమ్మిదేళ్ళకి చెప్పింది. అమ్మ ఎందుకో గాని ఆ సినిమా ఆడినన్నాళ్ళూ పిల్లని తీసుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళేది. ఆ మొదటిసారి కాక ఇంకో తొమ్మిదిసార్లు. వంతెన వచ్చినప్పుడల్లా ఈ పిల్ల తల దించుకుని చెప్పుల వంక చూసేది. రంగు విషయంలో తను ఎప్పటికీ పొరబడకూడదని ఆ చెప్పుల వంక చూస్తూనే ఒట్టు పెట్టుకుంది. అద్దకం మిల్లులో ఉద్యోగం, ఉత్తరపు కిటికీ, తాను నడుమ విప్పించడం, అన్నీ ఆ ఒట్టులోంచి వచ్చినవే.

ఇప్పుడావిడకి యాభై రెండు. అమ్మకి డెబ్భై ఆరు, కూతురి దగ్గరే ఉంటోంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. కిటికీ అక్క గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది. పాతికేళ్ళ అమ్మాయి, భుజాన బరువైన సంచి.

"బామ్మగారు ఉన్నారాండీ?" అంది ఆ అమ్మాయి.

"ఏ బామ్మగారు? మిమ్మల్నెవరు పంపారు?"

ఆ అమ్మాయి పాత సినిమాల్ని శుభ్రం చేసి భద్రపరిచే ఆఫీసు నుంచి వచ్చింది. దీపాలు మోసే గాడిద సినిమా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది, నెల తిరిగేలోగా పెద్ద హాల్లో ప్రదర్శన. రంగులు నింపిన ఆరుగురిలో బతికున్నది, ఆచూకీ దొరికింది ఈ ఒక్క బామ్మగారే. "ఆవిడతో పది నిమిషాలు మాట్లాడాలి మేడమ్" అంది.

కిటికీ అక్క తలుపు సందు ఇంకాస్త తగ్గించింది. నలభై అయిదేళ్ళ తరవాత వెతుక్కుంటూ వచ్చారంటే ఊరికే వస్తారా? తప్పు చేసినావిడ ఈవిడేనని ఫోటో తీసి హాలు గుమ్మంలో పెడతారు. జనం చూసి నవ్వుకుంటారు.

"అమ్మ పడుకుంది" అంది.

"ఎవరే వచ్చింది?" అని సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది.

"కరెంటు మనిషి!" అని లోపలికి బదులు చెప్పి, బయటికొచ్చి తలుపు దగ్గరగా లాగింది. అమ్మాయి నవ్వు ఆపుకుంది. పాపం, మర్యాద తెలిసిన పిల్లే.

"విషయం ఏంటో నాతో చెప్పండి."

"వంతెన సీనులో మఫ్లరు ఆకుపచ్చగా ఉంది మేడమ్. మా ఆఫీసుకి ఒక పద్ధతుంది. కావాలని చేసింది ముట్టుకోం. పొరపాటైతే దిద్దుతాం. ఏది ఏదో చేసినవాళ్ళో, వాళ్ళ తరఫువాళ్ళో రాసివ్వాలి. సినిమా తీసినాయన పోయారు. ఇక అడగడానికి బామ్మగారే ఉన్నారు."

కిటికీ అక్క కాగితం తీసుకుని మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదువుతుండగా మనసులో ఏదో వెలిగింది. దిద్దుతారట. అంటే ఆ ఆకుపచ్చ ఇక ఉండదు. అమ్మ కళ్ళు మూసేలోగా ఆ మచ్చ చెరిగిపోతుంది. హాల్లో ఎవరూ నవ్వరు. అమ్మకి చెప్పకుండా చెయ్యాలి, అంతా అయ్యాక చూపించాలి. కారణం అన్న చోట "రంగు వేసినవారి పొరపాటు" అని గుండ్రంగా రాసి, కింద తన సంతకం పెట్టింది.

పెట్టిన వెంటనే అనుమానం వచ్చింది. "మరి ఆ నీలం ఎవరు కలుపుతారు?"

"కంప్యూటర్లో చేస్తాం మేడమ్."

"కంప్యూటర్ సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా రంగులతోనే బతుకుతున్నాను. మీరు ముట్టుకోకండి, నేనొస్తాను."

ఆ శనివారం వెళ్ళింది. ఆఫీసు చూడగానే ఆవిడకి నచ్చలేదు. గదికి ఒక్క కిటికీ లేదు, గోడలన్నీ నల్లటి తెరలు. వెలుతురు లేని చోట రంగులు దిద్దే మనుషుల్ని ఎలా నమ్మడం? కుర్చీ అంచు మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. సినిమా అమ్మాయి ముందు సినిమా మొత్తం వేసి చూపించింది.

నలభై అయిదేళ్ళ తరవాత చూడ్డం. మొదట అంతా మోసంలాగే తోచింది. గాడిద ఇంత చిన్నదా? ముసలాయన గొంతు ఇలా ఉండేది కాదే.

"పాట ఇంకా పెద్దది కదా. కోసేశారా?"

"లేదు మేడమ్, ఎప్పుడూ ఇంతే."

"మీకెవరు చెప్పారు?"

అమ్మాయి పాత కాగితాలు తెచ్చి చూపించింది. పాట ఇంతే. అదీ నిజమేనన్నమాట. కాసేపటికి ముసలాయన ఆరో వేలు వచ్చింది. ఇద్దరు చంద్రులు వచ్చారు. పాట నడుమ గాడిద దగ్గగానే కిటికీ అక్క తనకి తెలియకుండానే దగ్గింది. ఒళ్ళో సంచి కిందపడింది. ఎన్ని తప్పులు, ఎంత బాగున్నాయో! మిల్లులో ఇలాంటి సరుకు వస్తే ఒక్క గజం కూడా దాటనివ్వదు ఆవిడ. ఇక్కడ మాత్రం ఇంకా తప్పులుంటే బాగుండునన్నట్టు ముందుకి వంగి చూసింది. వంతెన వచ్చింది. ఆవిడ తల దానంతటదే కిందికి వాలిపోయింది.

"మేడమ్, దీనికోసమే కదా వచ్చారు" అంది అమ్మాయి నెమ్మదిగా.

అప్పుడు చూసింది. జీవితంలో రెండోసారి.

నీలం దిద్దాలంటే రేకు తరవాత రేకు చూడాలి. వంతెన మీద గాడిద నడిచేది పద్దెనిమిది క్షణాలు. అంటే రెండొందల పదహారు రేకులు. మొదటి రేకు తెర మీద పెట్టారు. మఫ్లరు నీలంగా ఉంది. సరిగ్గా ఉండాల్సిన నీలం. రెండో రేకులో కూడా నీలమే. కానీ కిటికీ అక్క కన్ను దేన్నో పట్టుకుంది. "రెండూ పక్కపక్కన పెట్టండి" అంది. రెండో రేకులో వెంట్రుకవాసి పసుపు కలిసింది. మూడో రేకులో ఇంకొంచెం. నాలుగో రేకులో ఇంకొంచెం. పన్నెండో రేకుకి నిండు ఆకుపచ్చ. చివర్లో కూడా అంతే. ఆఖరి పన్నెండు రేకుల్లో పసుపు కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చి, చిట్టచివరి రేకులో మళ్ళీ అచ్చమైన నీలం.

కిటికీ అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. సీసా మారిపోయి పడిన రంగు అయితే ఒక్కసారిగా మారుతుంది. మెట్లు మెట్లుగా ఎక్కదు, మెట్లు మెట్లుగా దిగదు. ఇది ఎవరో కూర్చుని కలిపిన రంగు. కలిపింది మామూలు చెయ్యి కాదు.

"ఈ రేకుల్ని అప్పట్లో ఎవరు సరిచూసేవాళ్ళు?" అని అడిగింది.

"మేస్త్రీ ఒకాయన ఉండేవారట మేడమ్. కట్టలో మొదటి రేకూ చివరి రేకూ చూసి, మూలన టిక్కు పెట్టేవారు. ఇదిగోండి, ఆ టిక్కులు ఇప్పటికీ ఉన్నాయి."

మొదటిది, చివరిది. రెండు చివర్లూ బాగుండేలా చూసి నడుమ మార్చడం. ముప్పై ఏళ్ళుగా మిల్లులో ఆవిడ వెతుకుతున్నది సరిగ్గా దీన్నే. ఇది పొరబడిన మనిషి చేసే పని కాదు, దొంగ చేసే పని.

ఇంటికొచ్చే బస్సులో ఆవిడ దొంగని వెతికింది. మేస్త్రీయా? తనే టిక్కు పెట్టి తనే పాడుచేసుకోడు. అప్పుడు గుర్తొచ్చింది పక్కసీటు పిన్ని. బల్ల దగ్గర అమ్మ పక్కన కూర్చునేది. అమ్మ ఆవిణ్ణి చెల్లెలిలా చూసుకునేది. ప్రతి ఆదివారం బిస్కెట్ల పొట్లంతో ఇంటికొచ్చేది. అమ్మ ఉద్యోగం పోయాక ఒక్క ఆదివారం కూడా రాలేదు. ఆవిడ ఉద్యోగం మాత్రం పోలేదు. ఇంకేం కావాలి? బిస్కెట్లు పెట్టిన చేత్తోనే గొయ్యి తవ్వింది. ఆ బిస్కెట్లు తిన్నందుకు కిటికీ అక్క ఇన్నేళ్ళ తరవాత తనని తాను తిట్టుకుంది.

మర్నాడు ఉదయం అమ్మ పక్కన కూర్చుని దారం ఉండ చుడుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "అమ్మా, పక్కసీటు పిన్ని నీ రేకుల కట్టలు ఎప్పుడైనా ముట్టుకునేదా?"

దారం విప్పి అందిస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకే?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు" అంది అమ్మ. "దాన్నేం అనకు. అది మంచిది" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ లేవడం కిటికీ అక్కకి అస్సలు నచ్చలేదు. మోకాళ్ళ నొప్పులతో పది నిమిషాలకి గాని లేవని మనిషి చటుక్కున లేచింది. అంటే అమ్మకి తెలుసు. తెలిసి దాస్తోంది. ఎవర్ని కాపాడుతోంది? ఆ వారమంతా ఆవిడ తల్లిని దొంగచాటుగా గమనించింది. అమ్మ కిటికీలోంచి చూస్తే ఏం చూస్తోందని, నిట్టూరిస్తే ఎందుకు నిట్టూర్చిందని.

"అత్తయ్యని సూటిగా అడిగెయ్యొచ్చుగా?" అన్నాడు వాళ్ళాయన.

"సూటిగా అడిగితే సూటిగా అబద్ధం చెప్తారు."

"అయితే నాకిన్నాళ్ళూ చెప్పినవన్నీ?"

"మీరు బస్సు చూసుకోండి."

అనుమానాలెన్ని ఉన్నా పని మాత్రం ఆపలేదు. దొంగ ఎవరైతేనేం, మచ్చ అమ్మ మీద పడింది. అది పోవాలి. రెండో శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రెండొందల పదహారు రేకులకీ నీలం కుదిర్చింది. మొదటి రేకు నీలానికీ నడుమ నీలానికీ వెంట్రుకవాసి తేడా లేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూసినా తనకే దొరకలేదు. జన్మలో ఇంత బాగా ఏ రంగూ కలపలేదనుకుంది. సినిమా అమ్మాయిని ఆదివారం ఇంటికి రమ్మంది, అమ్మకి చూపించాలని.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చి ముందుగదిలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టింది. "కరెంటమ్మాయి బాగుంది" అంది అమ్మ. ఆ చెవులకి వినపడనిది ఏదీ లేదు. సినిమా మొదలయ్యాక అమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. దగ్గు వచ్చినప్పుడు మాత్రం నవ్వింది. "పాడినాయనకి నిజంగానే దగ్గొచ్చింది. మళ్ళీ పాడించే టైము లేక ఉంచేశారు" అంది. కిటికీ అక్క తెర వంక చూడ్డం లేదు. అమ్మ మొహం వంక చూస్తోంది.

వంతెన వచ్చింది. అమ్మ కళ్ళజోడు సరిచేసుకుని ముందుకి జరిగింది. గాడిద నీలం మఫ్లరుతో ఎక్కింది, నీలం మఫ్లరుతో నడిచింది, నీలం మఫ్లరుతో దిగింది.

"వంతెన అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా."

"ఇంకో వంతెన ఉందా?"

"లేదు, ఒకటే."

"మరి నాదేదీ?"

సినిమా నడుస్తూనే ఉంది. సినిమా అమ్మాయి చెయ్యి చాచి ఆపింది.

"నాది ఆకుపచ్చ కదే. ఏదీ?" అమ్మ ఒకసారి తెర వంక, ఒకసారి కూతురి వంక చూసింది. సంతలో పిల్ల చెయ్యి వదిలేసిన మనిషిలా ఉంది ఆ మొహం.

"అమ్మా, ఆ ఆకుపచ్చ ఎవరు వేశారు?" అంది కిటికీ అక్క.

"ఎవరేంటి? నేనే. వంతెన నాకిచ్చారు."

"పిన్ని కాదా?"

"పాపం అదేం చేసింది? నేను కలుపుతుంటే చూసి భయపడింది, వద్దక్కా అంది. ఉద్యోగం పోయాక నా మొహం చూడలేక రావడం మానేసింది." అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆరుగురం ఒకేలా నింపాలి. ఎవరి చెయ్యో తెలియకూడదు, అదే మా గొప్పని మేస్త్రీ అనేవాడు. సినిమా చివర అందరి పేర్లూ వేశారు. తలుపు దగ్గర కూర్చునేవాడి పేరు కూడా వేశారు. మా ఆరుగురివీ వెయ్యలేదు. వెయ్యరని ముందే తెలుసు. ఏడాదిన్నర కూర్చుంటే, తెర మీద ఏది నాదో నాకే తెలీకుండా పోతుందని బాధేసింది. అందుకని చేశాను. చివర్లే చూస్తాడు కదా, చివర్లు బాగుంచాను."

"మరి నాన్న అన్నేళ్ళు అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"తేలు కుట్టిన దొంగ ఏమని అరుస్తుందే? కావాలని చేశానంటే ఇంకే కంపెనీ గడపా తొక్కనివ్వరు. పొరపాటంటే చేతకాని మనిషన్నారు, అంతేగా. మోశాను."

"నాకైనా చెప్పాల్సింది."

అమ్మ తుడిచిన కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుంది. తరవాత తప్పుపట్టే గొంతుతో కాకుండా, మామూలుగా అంది. "నిన్ను తొమ్మిదిసార్లు ఎందుకు తీసుకెళ్ళాననుకున్నావు? ఒక్కసారైనా చూస్తావని. వంతెన రాగానే తల దించేసుకునేదానివి. అంత సిగ్గుపడే పిల్లకి ఏం చెప్పను?"

కిటికీ అక్కకి లోకంలో అందరి మీదా అనుమానం వచ్చింది గాని, తను దించుకున్న తల మీద ఏనాడూ రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఇంతకీ ఈ నీలం కలిపిందెవరు?" అంది అమ్మ.

"నేనే."

"నువ్వా? బాగా కుదిరింది" అంది అమ్మ, పని తెలిసిన మనిషి పని తెలిసిన మనిషితో అన్నట్టు. "నాదెక్కడుందో నేనే పోల్చుకోలేకపోయాను."

ముప్పై ఏళ్ళలో ఆవిడ పనిని ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. ఏ తిట్టూ అంతగా తగల్లేదు.

"అమ్మాయ్" అంది కిటికీ అక్క సినిమా అమ్మాయితో, మొహం తుడుచుకుని. "నా నీలం తీసెయ్యి. పాతదే ఉంచు."

అమ్మాయి ఇబ్బందిగా చూసింది. "మేడమ్, పొరపాటని మీరే రాసిచ్చారు. ఇప్పుడు కావాలని చేసిందంటున్నారు. రేపు మళ్ళీ మాట మారిస్తే నన్ను అడుగుతారు. ముందు రాసింది అబద్ధమా? తెలిసే రాశారా?"

కిటికీ అక్కని ఒకరు అనుమానించడం అదే మొదటిసారి. న్యాయంగానే ఉంది. "తెలుసనుకుని రాశాను" అంది. "పన్నెండు మెట్లు ఎక్కడం, పన్నెండు మెట్లు దిగడం నాతో పాటు నువ్వూ చూశావు. పొరపాటు అలా నడవదు. నాకు ఆ రోజే తెలియాలి, తెలిసినా వేరే దొంగని వెతుక్కున్నాను. ఈసారి నేను రాయను. చేసినావిడే రాస్తుంది."

అమ్మాయి కొత్త కాగితం తీసింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కారణం అన్న చోట "నేనే వేశాను, కావాలనే వేశాను" అని వంకర అక్షరాలతో రాసింది. కింద ఇంటిపేరుతో సహా తన పేరంతా రాసింది. పేరు కాగితం అంచు దాకా వచ్చింది. ప్రదర్శనలో బామ్మగారి పేరు వేయించే ప్రయత్నం చేస్తానంది అమ్మాయి. అమ్మ ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు.

"పాతది ఉందా ఇందులో? పెట్టమ్మా" అంది.

అమ్మాయి పాత సినిమా పెట్టి వంతెన దగ్గరికి తెచ్చింది. గాడిద నీలం మఫ్లరుతో మొదటి చెక్క మీద కాలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కణ్ణుంచి నేను" అంది అమ్మ.

మఫ్లరు ఆకుపచ్చగా మారింది. దీపాలూ ముసలాయనా వంతెనా అన్నీ అలాగే ఉన్నాయి, అదొక్కటే ఆకుపచ్చ. కిటికీ అక్క రెప్ప వెయ్యకుండా చూసింది. అమ్మ వేలు గాడిదతో పాటు బల్ల మీద మెల్లగా జరుగుతోంది. అవతలి ఒడ్డు వచ్చింది. మళ్ళీ నీలం.

"అంతే, ఇక్కడికి నేను అయిపోయాను" అంది అమ్మ.

"మళ్ళీ పెట్టు" అంది కిటికీ అక్క.